పేపర్ చదవడం, రిజెక్షన్ లెటర్ చదవడం: రెండూ ఒకే పని

మీరు రాసింది క్లుప్తంగా ఇది. పీహెచ్‌డీ రెండో ఏడు. తెలుగు, ఇంగ్లీషు కలగలిపి రాసే సోషల్ మీడియా కామెంట్లలో మెచ్చుకోలు ఏది, తిట్టు ఏది అని కంప్యూటర్‌తో గుర్తు పట్టించడం మీ పని. ఒక్కో పేపర్ చదవడానికి రెండు రోజులు పడుతోంది, వారం తిరిగేసరికి ఏం చదివారో గుర్తుండటం లేదు. మీరు రాసిన మొదటి పేపర్‌ని ఒక జర్నల్ వాళ్లు ఐదు రోజుల్లో ‘మా పరిధిలోకి రాదు’ అని తిప్పి పంపారు. రెండో జర్నల్ నాలుగు నెలలు ఉంచుకుని రిజెక్ట్ చేసింది. అందులో ఒక రివ్యూయర్ చిన్న మార్పులు చాలన్నారు. రెండో రివ్యూయర్ మాత్రం ‘కొత్తదనం లేదు, సరైన బేస్‌లైన్లు (పోల్చి చూడటానికి పెట్టే ఇతర పద్ధతులు) లేవు, డేటాకి లేబుళ్లు పెట్టినవాళ్ల మధ్య ఏకాభిప్రాయం ఎంతో చెప్పలేదు’ అని రాశారు. స్నేహితుడేమో డబ్బు కడితే మూడు రోజుల్లో యాక్సెప్టెన్స్ ఇచ్చే జర్నల్ ఉందంటున్నాడు. ఈ పరిస్థితిలో కొనసాగాలా, మానేయాలా అని అడిగారు.

కొనసాగండి. రెండో ఏట రెండు రిజెక్షన్లు రావడం ఏ విభాగంలోనైనా మామూలు సంగతే. అయితే మీరు రెండు సమస్యలుగా రాసినవి నాకు ఒకటే సమస్యలా కనిపిస్తున్నాయి. పేపర్‌ని మొదటి లైను నుంచి చివరి లైను దాకా వరసగా చదివే అలవాటు ఉన్నవాళ్లు, తాము రాసిన పేపర్‌ని కూడా ఎవరో అలాగే ఓపికగా చదువుతారని అనుకుంటారు. అందుకే అసలు విషయం ఆరో పేజీలో పెడతారు. ఏళ్ల తరబడి పేపర్లు రివ్యూ చేస్తున్నాను, ఎవరూ అలా చదవరు. నేనైతే శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం) చూసి నేరుగా పట్టికల దగ్గరికి వెళ్తాను. తరవాత రిఫరెన్సుల జాబితాలో ఉండాల్సినవి ఉన్నాయో లేదో చూస్తాను. ఆ తరవాతే ఇంట్రడక్షన్. అప్పటికే మనసులో సగం అభిప్రాయం ఏర్పడిపోతుంది. మీరు పక్కవాళ్ల పేపర్లను ఇలా చదవడం నేర్చుకుంటే, మీ పేపర్‌లో ఎక్కడ దెబ్బ తగులుతుందో పంపకముందే తెలుస్తుంది.

ముందు చదవడం గురించి.

2007లో ఎస్. కేశవ్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్త పేపర్ ఎలా చదవాలో చెబుతూ రెండు పేజీల వ్యాసం రాశారు. ప్రపంచమంతా గైడ్లు ఇప్పటికీ కొత్త స్కాలర్లకు దాన్నే ఇస్తారు. ఆయన చెప్పింది మూడు విడతల చదువు. మొదటి విడత ఐదు నుంచి పది నిమిషాలు: శీర్షిక, అబ్‌స్ట్రాక్ట్, ఇంట్రడక్షన్, సెక్షన్ల పేర్లు, ముగింపు, రిఫరెన్సుల మీద ఒక చూపు. రెండో విడత గంట లోపు: బొమ్మలు, పట్టికలు శ్రద్ధగా చూడాలి, నిరూపణల వివరాలు వదిలేయాలి. మూడో విడతలో ఆ పనిని మీరే మళ్లీ చేస్తున్నట్టు ఊహించుకుంటూ, ప్రతి అడుగులో ‘ఇలాగే ఎందుకు చేశారు’ అని అడుగుతూ చదవాలి. కొత్తవాళ్లకు దీనికి నాలుగైదు గంటలు పట్టవచ్చని ఆయనే అన్నారు.

ఇందులో చాలామంది పట్టించుకోనిది ఒకటుంది. ఎక్కువ పేపర్లు మొదటి విడతతోనే ఆగిపోవాలి. పది నిమిషాలు చూసి ‘ఇది నాకు అక్కర్లేదు’ అని పక్కన పెట్టేస్తే, ఆ పేపర్ మీద మీ పని పూర్తయినట్టే. మన చదువుల్లో పుస్తకాన్ని మధ్యలో వదిలేయడం తప్పన్నట్టు పెంచుతారు, సిలబస్ పూర్తి చేయకపోతే పరీక్షలో దెబ్బ తింటామన్న భయం ఇంకా పోదు. పరిశోధనకు సిలబస్ లేదు. నూరు పేపర్లు పైపైన చూసి, ఇరవై కాస్త లోతుగా చూసి, నాలుగైదింటిని పిండేసే మనిషే ముందుకు వెళ్తాడు. ఈ అంకెలు నా అంచనా మాత్రమే, మీ రంగాన్ని బట్టి మారతాయి. నిష్పత్తి మాత్రం దాదాపు ఇంతే.

ఒక పేపర్‌తో చేసి చూపిస్తాను. మీ రంగంలో అందరూ రిఫరెన్సుల్లో వేసేది, కొద్దిమందే నిజంగా చదివేది, 2017లో గూగుల్ బృందం ట్రాన్స్‌ఫార్మర్ అనే భాషా మోడల్ నిర్మాణాన్ని పరిచయం చేసిన పేపర్. చాలామంది స్కాలర్లు మొదటి సెక్షన్ నుంచి మొదలుపెట్టి, ‘స్కేల్డ్ డాట్ ప్రొడక్ట్’ సమీకరణం దగ్గర చతికిలబడి, యూట్యూబ్‌కి వెళ్లిపోతారు. అలా కాదు. అబ్‌స్ట్రాక్ట్ చదవగానే వాళ్ల వాదన ఏమిటో ఒక వాక్యంలో రాసుకోండి: వాక్యాన్ని మాట తరవాత మాటగా నడిపించే పాత రికరెంట్ పద్ధతి అక్కర్లేకుండా, అటెన్షన్ (వాక్యంలో ఏ మాటకు ఏ మాటతో సంబంధమో తూచే పద్ధతి) ఒక్కదానితోనే మెరుగైన అనువాదం, తక్కువ ట్రైనింగ్ ఖర్చుతో వస్తుంది. ఇప్పుడు మీ దగ్గర రెండు ప్రశ్నలున్నాయి. మెరుగు అంటే ఎంత? తక్కువ ఖర్చు అంటే ఎంత? సమీకరణాలు వదిలి రెండో పట్టికకు వెళ్లండి. ఇంగ్లీషు నుంచి జర్మన్‌కి బ్లూ స్కోరు (యంత్రానువాదం నాణ్యతకు వేసే మార్కు) 28.4, అంతకుముందు ఉన్న అన్నిటికన్నా రెండు పాయింట్లకు పైగా ఎక్కువ. పక్కనే ట్రైనింగ్ ఖర్చు నిలువు వరస ఉంటుంది. ఆ వరస పెట్టడమే వాళ్ల తెలివి. అబ్‌స్ట్రాక్ట్‌లో ఇచ్చిన రెండు మాటలకూ ఒకే పట్టికలో లెక్క చెప్పారు.

తరవాత మూడో పట్టిక. నా దృష్టిలో పేపర్ గుండెకాయ అదే, విద్యార్థులు దాటేసేదీ అదే. మోడల్‌లో ఒక్కో భాగాన్ని మార్చి చూస్తే ఏమవుతుందో అందులో ఉంటుంది. ఇక్కడి స్కోర్లు చిన్న మోడల్‌వి, వేరే పరీక్ష డేటా మీద తీసినవి. అటెన్షన్ హెడ్స్, అంటే పక్కపక్కన పని చేసే అటెన్షన్ భాగాలు, ఎనిమిదికి బదులు ఒక్కటే పెడితే స్కోరు 25.8 నుంచి 24.9కి పడిపోయింది. సరే, ముప్ఫై రెండు పెడితే? 25.4, అంటే మళ్లీ తగ్గింది. మాటల వరస తెలిపేందుకు వాళ్లు వాడిన సైన్ తరంగాల పద్ధతికి బదులు, ఆ వరసను మోడల్‌నే నేర్చుకోమంటే 25.7. అంటే అందరూ గొప్పగా చెప్పుకునే ఆ సైన్ తరంగాల ముచ్చట ఫలితాన్ని పెద్దగా మార్చలేదని పేపర్ తానే ఒప్పుకుంటోంది. ఈ సంగతి యూట్యూబ్ వీడియోలో దొరకదు, పట్టిక చదివితేనే దొరుకుతుంది.

ఇక ‘ఇందులో ఏం లేదు’ అని అడగండి. జర్మన్ కోసం వాడిన డేటా దాదాపు 45 లక్షల వాక్య జతలు, ఫ్రెంచ్ కోసం 3 కోట్ల 60 లక్షలు. డేటా తక్కువున్న భాషలో ఏమవుతుందో ఆ పేపర్ చెప్పదు, చెబుతానని అనలేదు కూడా. తెలుగు మీద పని చేసే మీకు ఖాళీ జాగా అక్కడే ఉంది. ఇంతవరకూ చూడటానికి ముప్పావు గంట చాలు. సమీకరణాలు ఇంకా ముట్టుకోలేదు. దాన్ని కోడ్‌గా రాయాల్సిన రోజు వచ్చినప్పుడు మూడో విడతలో ఎలాగూ ముట్టుకుంటారు.

గుర్తుండకపోవడానికి మందు మళ్లీ చదవడం కాదు. పేపర్ మూసేసి, చూడకుండా నాలుగు వాక్యాలు రాయడం: వాళ్లు ఏమంటున్నారు, దానికి ఆధారం ఏ పట్టిక లేదా ఏ బొమ్మ, ఏ షరతుల్లో అది నిజం, నాకు మిగిలిన అనుమానం ఏమిటి. తెలుగులోనే రాయండి, ఇంగ్లీషు పదాలు ఎలా వస్తే అలా రానివ్వండి. ఇంగ్లీషులో రాయమంటే అబ్‌స్ట్రాక్ట్ వాక్యాలే అటూ ఇటూ మార్చి దించేస్తాం, బుర్ర పని చేయదు. తెలుగులో రాయాలంటే అర్థమై తీరాలి. పైగా ఆరు నెలల తరవాత లిటరేచర్ రివ్యూ రాసేటప్పుడు ఈ నోట్సు నుంచి రాస్తే ప్లేజరిజం సాఫ్ట్‌వేర్ గురించి టెన్షన్ ఉండదు, ఎందుకంటే ఆ వాక్యాలు మీవే. పేపర్లు దాచుకునే జొటెరో లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ప్రతి పేపర్ కిందా ఈ నాలుగు వాక్యాలు అతికించుకోవచ్చు.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు నన్ను తరచు అడిగేది ఇంగ్లీషు గురించి. నిజానికి పేపర్ల ఇంగ్లీషు పత్రికల ఇంగ్లీషు కన్నా తేలిక, ఒక రంగంలో మూడు నాలుగు వందల మాటలే తిరిగి తిరిగి వస్తాయి. కష్టమంతా క్రియల దగ్గర. ‘షో’ అన్నారా, ‘సజెస్ట్’ అన్నారా, ‘మే’ తగిలించారా అన్నది చూడండి. ఫలితం మీద రచయితకు ఎంత ధీమా ఉందో ఆ ఒక్క మాట చెబుతుంది. ‘మే సజెస్ట్’ అని రాసినదాన్ని మీరు మీ పేపర్‌లో ‘నిరూపించారు’ అని రాస్తే, ఆ రచయితే మీ రివ్యూయర్ అయిన రోజున మీ పని అయిపోయినట్టే. ఇది ఊహించి చెప్పడం లేదు. ఎడిటర్లు రివ్యూయర్ల కోసం చాలాసార్లు మీ రిఫరెన్సుల జాబితాలోనే వెతుకుతారు.

ఏఐతో సారాంశం తీయించుకోవచ్చా అంటే, మొదటి విడత వరకు పర్వాలేదు. అంకెలు, రిఫరెన్సులు మాత్రం దాని మాట మీద నమ్మొద్దు, లేని పేపర్లను కూడా ఉన్నట్టే చెబుతుంది. ఇంకో సంగతి: రేపు మీకెవరైనా రివ్యూ చేయమని అచ్చుకాని పేపర్ పంపితే, దాన్ని అలాంటి సైట్‌లోకి ఎక్కించకండి. చాలా ప్రచురణ సంస్థలు దీన్ని నిషేధించాయి.

పేపర్లు దొరకడం ఇప్పుడు పెద్ద సమస్య కాదు. వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకం 2025 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ముప్ఫై ప్రచురణ సంస్థల సుమారు 13,000 జర్నళ్లు ప్రభుత్వ విద్యాసంస్థలకు అందుబాటులో ఉంటాయి. మీ యూనివర్సిటీ లైబ్రేరియన్‌ని అడిగి లాగిన్ తీసుకోండి. మీ రంగంలోవి చాలావరకు, పేపర్లను ఉచితంగా ఉంచే ఆర్కైవ్ సైట్‌లో ఎలాగూ దొరుకుతాయి. ఒక మంచి పేపర్ దొరికితే దాని రిఫరెన్సులతో వెనక్కి వెళ్లండి, గూగుల్ స్కాలర్‌లో ‘సైటెడ్ బై’ నొక్కి, దాన్ని ప్రస్తావించిన తరవాతి పేపర్లు చూస్తూ ముందుకు రండి. ముందుకు రావడం చాలామంది మరిచిపోతారు. మీ రెండో రివ్యూయర్ బేస్‌లైన్లు లేవని అన్నది సరిగ్గా ఈ అడుగు వదిలేసినందుకే అని నా అనుమానం. పేపర్‌ని వెనక్కి తీసుకున్నారేమో కూడా ఆ దారిలోనే తెలుస్తుంది. 2020 మేలో హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద లాన్సెట్ అచ్చేసిన పేపర్‌ని, డేటా ఎక్కడిదో తేలక, రెండు వారాల్లోపే వెనక్కి తీసుకున్నారు. జర్నల్ పేరు చూసి గుడ్డిగా నమ్మకూడదనడానికి ఆ ఒక్క ఉదంతం చాలు.

ఇప్పుడు రిజెక్షన్.

మీ మొదటి రిజెక్షన్ అసలు లెక్కలోకే రాదు. ఐదు రోజుల్లో వచ్చిందంటే అది డెస్క్ రిజెక్ట్, రివ్యూయర్ల దాకా వెళ్లనే లేదు. ఎడిటర్ కొద్ది నిమిషాలు చూసి, ఇది మా పాఠకులకు కాదని అనుకున్నారు. మీ పని తప్పా ఒప్పా అన్నదానిపై ఆ ఉత్తరం ఒక్క ముక్క చెప్పదు. 1937లో జీవరసాయన శాస్త్రవేత్త హాన్స్ క్రెబ్స్ తన సిట్రిక్ యాసిడ్ చక్రం గురించిన ఉత్తరాన్ని నేచర్‌కి పంపితే, మా దగ్గర ఇప్పటికే ఏడెనిమిది వారాలకు సరిపడా ఉత్తరాలున్నాయని తిప్పి పంపారు. ఆయన దాన్ని ఎంజైమొలోజియా అనే పత్రికలో వేసుకున్నారు. 1953లో నోబెల్ వచ్చింది. అక్కడ అడ్డుపడింది జాగా, జీవరసాయన శాస్త్రం కాదు.

డెస్క్ రిజెక్ట్ తప్పించుకోవడానికి నేను స్కాలర్లకు చెప్పేది ఒకటే పరీక్ష. మీ రిఫరెన్సుల్లో ఆ జర్నల్‌లో ఈ మూడు నాలుగేళ్లలో వచ్చిన పేపర్లు ఎన్ని ఉన్నాయి? ఒక్కటీ లేకపోతే మీ సంభాషణ అక్కడ జరగడం లేదని అర్థం. క్యూ1 (ర్యాంకుల్లో పై పావు వంతు) జర్నల్ అని చూసి పంపడం, జర్నళ్లకు ర్యాంకులిచ్చే ఇంపాక్ట్ ఫ్యాక్టర్ జాబితా పైనుంచి కిందికి దిగడం, ఇవన్నీ నెలలు తినేసే పనులు.

రెండో రిజెక్షన్ విలువైనది. నలుగురైదుగురి సమయం దాని మీద ఖర్చయింది, అదీ ఉచితంగా. దాన్ని చదవడానికీ విడతలున్నాయి. వచ్చిన రోజు ఒకసారి చదివి మూసేయండి, కోపం రావడం సహజం. రెండు మూడు రోజులు పోనిచ్చి తెరిచినప్పుడు, ముందు రివ్యూలు కాదు, ఎడిటర్ ఉత్తరం చదవండి. నిర్ణయం ఆయనది, రివ్యూయర్లది సలహా మాత్రమే. ఏ కామెంట్‌ని ఎడిటర్ తన మాటల్లో మళ్లీ ప్రస్తావించారో, మిమ్మల్ని ముంచింది అదే. ‘ఈ రూపంలో తీసుకోలేం, కొత్త ప్రయోగాలతో మళ్లీ పంపితే చూస్తాం’ అని ఉందా? అయితే అది రిజెక్షన్ పేరుతో వచ్చిన ఆహ్వానం. అలాగే మేజర్ రివిజన్ (పెద్ద మార్పులు చేసి మళ్లీ పంపమనడం) వస్తే పండగ చేసుకోవాలి. అది చూసి బెంబేలెత్తిపోయి పేపర్ వెనక్కి తీసుకున్న పిల్లలను చూశాను, చాలా బాధేస్తుంది.

రివ్యూయర్లు ఇద్దరూ రెండు రకాలుగా రాశారంటే కంగారుపడకండి. 2014లో మెషీన్ లెర్నింగ్‌లో పెద్ద సదస్సు నిప్స్ ఒక ప్రయోగం చేసింది. వచ్చినవాటిలో పదో వంతు, అంటే 166 పేపర్లను, ఒకరితో ఒకరికి సంబంధం లేని రెండు కమిటీలకు ఇచ్చింది. దాదాపు నాలుగో వంతు పేపర్ల విషయంలో రెండు కమిటీలూ వేర్వేరు నిర్ణయాలు తీసుకున్నాయి. ఒక కమిటీ ఒప్పుకున్న పేపర్లలో సగానికి పైగా రెండో కమిటీ చేతిలో పోయాయి. అంతకన్నా ముందు 1982లో పీటర్స్, సెసి అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు, అప్పటికే అచ్చైన 12 పేపర్లను రచయితల పేర్లు, సంస్థల పేర్లు మార్చి అవే జర్నళ్లకు మళ్లీ పంపారు. మూడింటిని మాత్రమే పాతవని పట్టుకున్నారు. మిగతా తొమ్మిదిలో ఎనిమిదిని తిరగ్గొట్టారు. చాలావాటికి చెప్పిన కారణం పద్ధతిలో లోపాలున్నాయని! కాబట్టి అదృష్టం పాలు ఉంది, లేదనను.

అయితే ఈ కథలు ఒక ప్రమాదం కూడా తెస్తాయి. ఆర్థిక శాస్త్రవేత్త జార్జ్ ఎకర్లాఫ్ పాత కార్ల మార్కెట్ గురించి రాసిన పేపర్‌ని మూడు జర్నళ్లు తిప్పికొట్టాయి, 1970లో నాలుగోది వేసింది, 2001లో నోబెల్ వచ్చింది. ఇలాంటివి విని ప్రతి స్కాలరూ తన పేపర్ కూడా ఆ కోవలోదే అనుకుంటాడు. నేను చూసినంతలో రెండో రివ్యూయర్ ఎక్కువసార్లు కరెక్టే. ప్రపంచమంతా రెండో రివ్యూయర్ మీద జోకులు వేసుకుంటుంది, నేనూ నవ్వుతాను, కానీ వాళ్లు లేకపోతే ఎన్ని తప్పులు అచ్చయ్యేవో.

దీనికి నాకు ఇష్టమైన ఉదాహరణ ఐన్‌స్టీన్. 1936లో ఆయన, నాథన్ రోజెన్ కలిసి గురుత్వ తరంగాలు ఉండవని వాదిస్తూ ఫిజికల్ రివ్యూకి పేపర్ పంపారు. ఎడిటర్ జాన్ టేట్ దాన్ని రివ్యూకి ఇచ్చారు. పది పేజీల విమర్శ తిరిగొచ్చింది. ఐన్‌స్టీన్‌కి ఒళ్లు మండింది. మేం అచ్చు వేయమని పంపాం, అచ్చుకు ముందే ఎవరో నిపుణులకు చూపించమని మీకు అనుమతి ఇవ్వలేదు, అనే అర్థం వచ్చేలా జవాబు రాసి పేపర్ వెనక్కి తీసుకున్నారు. వేరే పత్రికకు, ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్‌కి పంపారు. ఈలోగా హోవర్డ్ పెర్సీ రాబర్ట్‌సన్ అనే భౌతిక శాస్త్రవేత్త, ఐన్‌స్టీన్ సహాయకుడు ఇన్‌ఫెల్డ్‌తో మాటల్లో ఆ తప్పు ఎక్కడుందో చూపించారు. చివరికి 1937లో అచ్చైన పేపర్ ముగింపు మొదటిదానికి పూర్తిగా తలకిందులు. ఆ అజ్ఞాత రివ్యూయర్ రాబర్ట్‌సనే అని చాలా దశాబ్దాల తరవాత జర్నల్ రికార్డుల్లో తేలింది. ఐన్‌స్టీన్ ఆ విమర్శను కోపం చల్లారాక ఒకసారి చదివి ఉంటే రాబర్ట్‌సన్‌కి అంత డొంకతిరుగుడు అవసరం ఉండేది కాదు.

మీ రెండో రివ్యూయర్ మూడు మాటలన్నారు. వెనకనుంచి వద్దాం.

లేబుళ్ల ఏకాభిప్రాయం. ఇది వాదించే విషయం కాదు, చేసి తీరాలి. ఒకే కామెంట్లను ఇద్దరు మనుషులు విడివిడిగా చూసి లేబుల్ పెట్టాలి. యాదృచ్ఛికంగా కలిసిపోయే అవకాశాన్ని తీసేసి ఎంత ఏకీభవించారో చెప్పే లెక్కే కోహెన్ కప్పా. మీరు మీ హాస్టల్ మిత్రుడితో కలిసి లేబుళ్లు పెట్టామని రాశారు, అయితే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడుకుంటూ పెట్టారా, విడివిడిగానా? మాట్లాడుకుంటూ పెట్టి ఉంటే కొన్ని వందల కామెంట్లయినా తీసి మళ్లీ విడివిడిగా పెట్టించండి. ‘సినిమా కేక’ అన్నది పొగడ్త, ‘హీరో యాక్టింగ్ చూసి ఏడుపొచ్చింది’ అన్నది రెండు రకాలుగా తీసుకోవచ్చు. ఇలాంటివి ఎలా తేల్చారో రాసిన మార్గదర్శక పత్రం పేపర్‌కి జతచేస్తే, ఆ ప్రశ్న మళ్లీ రాదు.

బేస్‌లైన్లు. మీరు ఎస్‌వీఎం అనే పాత పద్ధతితో మాత్రమే పోల్చారు. ఈ రోజుల్లో ఏ రివ్యూయరూ ఊరుకోరు. చాలా భాషలకు పని చేసే మోడళ్లు బహుభాషా బెర్ట్, ఎక్స్‌ఎల్‌ఎం-ఆర్ ఉండాలి. మరీ ముఖ్యంగా మ్యూరిల్ ఉండాలి, ఎందుకంటే గూగుల్ దాన్ని భారతీయ భాషల కోసం తయారుచేస్తూ రోమన్ లిపిలో రాసిన పాఠాన్ని కూడా ట్రైనింగ్‌లో వాడింది. మీ సమస్యకు అది నేరుగా పోటీదారు. పోటీదారు పట్టికలో లేకపోతే, ఓడిపోతామని దాచారేమోనన్న అనుమానం వస్తుంది. మీ మోడల్ మ్యూరిల్ కన్నా ఒక పాయింటు తక్కువ వచ్చినా సరే పెట్టండి. ఎక్కడ తక్కువ వచ్చింది, ఎక్కడ ఎక్కువ వచ్చింది అని విడదీసి చూపిస్తే పేపర్ బలం పెరుగుతుంది.

‘కొత్తదనం లేదు’ అన్నది మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టిన మాట అని అర్థమైంది. ఈ మాటకు నిజంగా కొత్తేమీ లేదని అర్థం కావచ్చు, కొత్తది నాకు కనబడలేదని కూడా కావచ్చు. మీరు పంపిన అబ్‌స్ట్రాక్ట్ చదివాను. అందులో సగం సోషల్ మీడియా వాడకం పెరిగిపోయిందని చెప్పడానికే అయిపోయింది. కానీ మీ ప్రశ్న చివర్లో మాటవరసకి ఒకటి రాశారు: ‘బాగుంది’ అన్న ఒక్క మాటనే రోమన్ అక్షరాల్లో ఒకరు ఒక ‘ఏ’తో, ఇంకొకరు రెండు ‘ఏ’లతో, మరొకరు చివర్లో ‘హెచ్’ చేర్చి రాస్తారని, వాటన్నిటినీ ఉచ్చారణను బట్టి ఒక గుంపులోకి చేర్చే ఒక దశ మీ పద్ధతిలో ఉందని. అబ్బాయీ, అదే కదా మీ పేపర్! దాన్ని ఐదో పేజీలో ‘ప్రీప్రాసెసింగ్’ అనే ఉపశీర్షిక కింద మూడు లైన్లలో పాతేశారు. అబ్‌స్ట్రాక్ట్ రెండో వాక్యంలోకి తీసుకురండి. ఆ దశ ఉంటే ఎంత, తీసేస్తే ఎంత అని పైన చెప్పిన మూడో పట్టిక తరహాలో ఒక పట్టిక వేయండి. తేడా రాకపోతే మాత్రం రివ్యూయర్ చెప్పింది నిజమే, వేరే దారి వెతకాలి. వస్తే, అదే ప్రయోగాల మీద వేరే పేపర్ తయారైనట్టే.

మార్పులేమీ చేయకుండా అదే ఫైల్‌ని మర్నాడు ఇంకో జర్నల్‌కి పంపేయమని మీ గైడ్ గారు అన్నా, వినయంగా రెండు నెలలు గడువు అడగండి. చిన్న రంగాల్లో అదే రివ్యూయర్ దగ్గరికి అదే పేపర్ మళ్లీ వెళ్లడం తరచు జరుగుతుంది. తన కామెంట్లలో ఒక్కటీ పట్టించుకోలేదని చూస్తే ఆయన ఏం రాస్తారో చెప్పనక్కర్లేదు. ఒకేసారి రెండు చోట్లకు పంపడం అయితే నీతి తప్పిన పని, దొరికితే రెండు చోట్లా పోతుంది. అప్పీలు గురించి అడిగారు. రివ్యూయర్ ఒక వాస్తవాన్ని తప్పుగా చదివి, నిర్ణయం దాని మీదే ఆధారపడితేనే అప్పీలు. మీ విషయంలో అలాంటిదేమీ లేదు. ఊరటగా ఒక సంగతి చెప్పాలంటే, 2012లో సైన్స్‌లో వచ్చిన ఒక అధ్యయనం జీవశాస్త్ర జర్నళ్లలో పేపర్ల ప్రయాణాన్ని పరిశీలించింది. ఒకచోట తిరస్కారం పొంది మరోచోట అచ్చైన పేపర్లకు, మొదటి ప్రయత్నంలోనే అచ్చైనవాటికన్నా సగటున సైటేషన్లు (ఇతర పేపర్లలో ప్రస్తావనలు) కాస్త ఎక్కువే వచ్చాయి. మధ్యలో జరిగిన మరమ్మతు ఒక కారణం కావచ్చని ఆ పరిశోధకులే అన్నారు.

మీ స్నేహితుడు చెప్పిన మూడు రోజుల జర్నల్ జోలికి పోకండి. మూడు రోజుల్లో ఇద్దరు రివ్యూయర్లను ఒప్పించడం కూడా కుదరదు, ఇక చదవడం ఎక్కడిది? ఈ వ్యాపారం మనకు దూరపు సంగతి కాదు. హైదరాబాద్ కేంద్రంగా నడిచిన ఓమిక్స్ అనే జర్నళ్ల ప్రచురణ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. సరైన రివ్యూ లేకుండానే ఉన్నట్టు చెప్పుకున్నారని, కట్టాల్సిన ఫీజుల సంగతి ముందుగా చెప్పలేదని ఆరోపణ. 2019లో కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది. ఫీజు తీసుకునే ప్రతి జర్నలూ మోసం కాదు, మంచి ఓపెన్ యాక్సెస్ జర్నళ్లూ తీసుకుంటాయి. ఫీజు ఎంతో ముందే సైట్‌లో ఉందా, ఎడిటోరియల్ బోర్డులో ఉన్నవాళ్లు తమ సొంత పేజీల్లో ఆ సంగతి చెప్పుకున్నారా, ఓపెన్ యాక్సెస్ జర్నళ్ల డైరెక్టరీ అయిన డీఓఏజే జాబితాలో ఉందా అని చూడండి. నమ్మదగిన జర్నళ్లంటూ యూజీసీ ఇచ్చిన కేర్ జాబితా ఇక లేదు, 2025 ఫిబ్రవరిలో ఎత్తేశారు, కాబట్టి ‘కేర్ లిస్టెడ్’ అని ఇప్పటికీ ప్రకటించుకునే జర్నల్‌ని ఆ ఒక్క కారణంతోనే అనుమానించవచ్చు. ఇంకో మాట, థీసిస్ ఇవ్వడానికి పేపర్ తప్పనిసరి అన్న నిబంధనను యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టుకుని ఉండవచ్చు. అకడమిక్ సెక్షన్‌లో మీ రిజిస్ట్రేషన్ సంవత్సరానికి ఏది వర్తిస్తుందో రాతపూర్వకంగా అడగండి. భయంలో సగం దానితోనే పోవచ్చు.

పంపడానికి చోటు: ఆసియా భాషలకు, డేటా తక్కువున్న భాషలకు ప్రత్యేకంగా ఏసీఎం అనే కంప్యూటర్ శాస్త్ర సంఘం వాళ్ల ట్యాలిప్ జర్నల్ ఉంది, మీ పని దాని పరిధిలో నేరుగా పడుతుంది. అంతకన్నా త్వరగా అభిప్రాయం కావాలంటే ద్రావిడ భాషల సాంకేతికత మీద జరిగే ద్రవిడియన్‌ ల్యాంగ్‌టెక్ వర్క్‌షాప్ చూడండి. అక్కడ రివ్యూ చేసేవాళ్లకు ‘కేక’ అంటే ఏమిటో విడమరిచి చెప్పాల్సిన పని చాలావరకు ఉండదు.

అన్నిటికన్నా ముందు కప్పా లెక్క తీయండి. 0.6 దాటితే ప్రయోగాలు మళ్లీ మొదలుపెట్టవచ్చు. తక్కువ వస్తే మోడళ్ల జోలికి వెళ్లకుండా, మీ ఇద్దరూ విభేదించిన కామెంట్లు ఒక్కొక్కటీ తీసి మార్గదర్శక పత్రాన్ని తిరగరాయండి, మూడో మనిషితో మళ్లీ లేబుళ్లు పెట్టించండి. ఆ పత్రం చిత్తుప్రతి ఇక్కడ పెడితే చూసి చెబుతాను.